వృద్ధుల వయస్సును వ్రాయుట

మీ తరగతిలో ఒక విద్యార్థిని లేపి పుట్టిన తేదీ అడిగి చూడుడు. తేదీ, నెల, సంవత్సరము మూడును తడుముకొనక చెప్పును. సాయంకాలము ఇంటికి వెళ్ళి అదే ప్రశ్న తన నాయనమ్మను అడుగుమనుడు. "నాకేం తెలుసురా, అరవై దాటుంటాయి, డెబ్బై అనుకో" అను సమాధానము చాల ఇండ్లలో వచ్చును. ఆమెకు జ్ఞాపకశక్తి లోపించినదని దీనికి అర్థము కాదు. తన పెండ్లి ఏ నెలలో జరిగినదో, ఆ యేడు పంట యెట్లున్నదో, పెద్దకొడుకు పుట్టినపుడు కాలువకు నీరు వచ్చినదో రాలేదో ఆమెకు క్షుణ్ణముగ తెలియును. తెలియనిది ఒక్క అంకె మాత్రమే.

ఇంటిలో ఉన్నంతకాలము ఆ అంకెతో పెద్ద పని లేదు. ఆమె ఒక వృద్ధాశ్రమములోనో, దీర్ఘకాల సంరక్షణ కేంద్రములోనో చేరిన దినమున మాత్రము దానితో చాల పని పడును. చేరినవారి ఆరోగ్యమును, శక్తిని, అవసరములను కనుగొని పత్రముపై వ్రాయుటను మదింపు అందురు. ఆ పత్రపు మొదటి పుటలో పేరు, వయస్సు, స్త్రీయో పురుషుడో, వివాహ స్థితి, చదువు, మాట్లాడు భాష, పుట్టిన ఊరు, పూర్వము చేసిన పని అను గడులుండును. రక్తపు పోటు కొలుచుట, నడకను పరీక్షించుట మొదలగునవి తరువాతి పుటలలో వచ్చును. మొదటి పుటను గుమాస్తా పనిగ భావించి ఐదు నిమిషములలో నింపివేయుట వాడుక. నిజమునకు ఎక్కువ శ్రద్ధ కావలసినది అక్కడనే. తరువాతి పుటలలోని కొలతలన్నిటికిని అర్థము కల్పించునది ఈ మొదటి పుట.

విజయవాడ నుండి ఏలూరు పోవు జాతీయ రహదారిపై హనుమాన్ జంక్షన్ కలదు. అచ్చటి ఆంజనేయస్వామి గుడిని బట్టి ఆ పేరు వచ్చినది. అచ్చట ఒకవైపు నూజివీడు మెట్టకును, మరియొకవైపు గుడివాడ మాగాణికిని దారులు చీలును. ఇట్టి కూడలిలో ఒక ఆశ్రమము కలదనియు, 2025 డిసెంబరులో ఒక వృద్ధురాలు అందులో చేరుటకు వచ్చినదనియు అనుకొందము. ఆమె ఆధార్ కార్డుపై పుట్టిన తేదీ 01-01-1961 అని యున్నది. అనగా ఆమెకు 64 సంవత్సరములు నిండినవి. పత్రము నింపు అమ్మాయి ఆ అంకెను దించుకొని తరువాతి గడికి పోవచ్చును. అట్లు పోయినచో వచ్చు చిక్కేమి?

అంకె తప్పినచో ఏమగును?

రక్తములోని మలినములను వడపోయునవి మూత్రపిండములు. మనము మ్రింగిన మందులలో అనేకము వాటి ద్వారమునే బయటికి పోవును. వయస్సుతోపాటు వాటి వడపోత శక్తి తగ్గును. దానిని అంచనా వేయుటకు కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అను వైద్యులు 1976లో ఒక సూత్రమును ప్రకటించిరి. ఇది నేటికిని వాడుకలో నున్నది. 140 నుండి వయస్సును తీసివేసి, శేషమును కిలోలలో చెప్పిన బరువుచే గుణించవలెను. రక్తములోని క్రియాటినిన్ పరిమాణమును (100 మిల్లీలీటర్లకు ఇన్ని మిల్లీగ్రాములని) 72చే గుణించి, ఆ లబ్ధముతో మొదటిదానిని భాగించవలెను. స్త్రీలకైనచో వచ్చినదానిని మరల 0.85చే గుణించవలెను. ఫలితము నిమిషమునకు ఇన్ని మిల్లీలీటర్లని వచ్చును.

మన వృద్ధురాలి బరువు 45 కిలోలు, క్రియాటినిన్ 1.2 అనుకొందము. వయస్సు 64 అని వేసినచో 140 − 64 = 76; దానిని 45చే గుణించగా 3420; 72 × 1.2 = 86.4చే భాగించగా 39.6; 0.85చే గుణించగా 33.6 వచ్చును. ఆమె అసలు వయస్సు 74 అయినచో? 66 × 45 = 2970; 86.4చే భాగించగా 34.4, 0.85చే గుణించగా 29.2. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు ఎనాక్సపారిన్ వంటి మందులకు ఈ విలువ 30 కంటె తగ్గినచో మోతాదు తగ్గించవలెనని నియమము. ఒక లెక్కలో ఆమె 30కి పైన నున్నది, మరియొక లెక్కలో క్రింద నున్నది. మూత్రపిండము మారలేదు, రక్తము మారలేదు. కాగితముపై అంకె మాత్రము మారినది. రోగికి ఎక్కువ మోతాదు పడినచో రక్తస్రావము కలుగవచ్చును.

ధన విషయమున కూడ ఇట్టి నష్టమే కలదు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛనుకు వయోపరిమితి 2019 వరకు 65 సంవత్సరములు. ఆ యేడు దానిని 60కి తగ్గించిరి. 1951 ఆగస్టులో పుట్టినవారికి 2016 ఆగస్టుతో 65 నిండును. కార్డుపై 1961 అని యున్నవారికి 60 నిండునది 2021 జనవరిలో. ఇతర పింఛనేదియు లేని వృద్ధురాలికి ఆ పదేండ్ల తేడా వలన నాలుగేండ్లకు పైగా పింఛను రాక పోవును. ఎవరును మోసము చేయలేదు, ఎవరును లంచము తినలేదు. ఒక గడిలో ఒక అంకె పడినది, అంతే.

ఆ అంకె ఎచ్చటి నుండి వచ్చినది?

ఆధార్ నమోదు 2010లో మొదలైనది. పుట్టిన తేదీని అందులో మూడు విధములుగ నమోదు చేయుదురు. పత్రము చూపినచో ధ్రువపడినదని, నోటిమాటగ తేదీ చెప్పినచో ప్రకటించినదని, తేదీయే తెలియక వయస్సు మాత్రము చెప్పినచో ఉజ్జాయింపు అని. మూడవ విధమున చెప్పిన వయస్సును ఆనాటి సంవత్సరము నుండి తీసివేసి పుట్టిన యేడు కట్టుదురు. జనవరి 1వ తేదీన పుట్టినట్లు కార్డులున్నవారు ఇంతమంది కనబడుటకు ఇది ఒక కారణము. మన వృద్ధురాలు 2011లో నమోదుకు వెళ్ళినదనుకొందము. "వయసెంత?" అని అడిగిరి. "యాభై దాటాయి బాబూ" అనెను. "దాటాయి" అను మాటకు యంత్రములో చోటు లేదు. 50 అని కొట్టిరి. 2011 నుండి 50 తీసివేయగా 1961. ఆనాటికి ఆమెకు నిజముగ అరువది నిండవచ్చినవి.

ఆధార్ కార్డు మనిషి ఎవరో చెప్పునదే కాని పుట్టిన తేదీకి సాక్ష్యము కాదని ఆ సంస్థయే చెప్పియున్నది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారపు వ్యాజ్యములో ఇదే మాట చెప్పి, ఆధార్ కంటె బడి విడుపు ధ్రువపత్రమును నమ్ముట మేలన్నది. బడి పత్రము మేలే. కాని ఉపాధ్యాయులకు ఒక సంగతి తెలిసియే యుండును. ఆ తరములో పిల్లవానిని బడిలో వేయునపుడు తండ్రికి తేదీ తెలియనిచో, బడిలో చేర్చుటకు తగిన వయస్సు వచ్చునట్లు ఒక తేదీని పంతులుగారే వేసెడివారు. ఒక తరమువారి పుట్టినరోజులు కొన్ని ఈ విధముగ పంతుళ్ళ కలము నుండి పుట్టినవి! పైగా బడికి పోయినవారికే ఈ పత్రము దొరకును. 1951 జనాభా లెక్కల ప్రకారము దేశమున అక్షరాస్యులైన స్త్రీలు నూటికి తొమ్మండుగురు కూడ లేరు.

మరి జనన రిజిస్టరు? పూర్వము గ్రామ మునసబు వద్ద జనన మరణముల పుస్తక ముండెడిది. దానిలో ప్రతి కాన్పును ఎక్కలేదు. ఎక్కినచోట్ల బిడ్డ పేరు ఉండకపోవచ్చును. దేశమంతటికి ఒకే విధమైన జనన మరణ నమోదు చట్టము వచ్చినది 1969లో. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు జనన ధ్రువపత్రమే తేదీకి సాక్ష్యము. నేడు ఆశ్రమములలో నున్నవారు ఈ రెండు చట్టములకును ముందు పుట్టినవారు. వారి విషయమున వయస్సును దించుకొనుట కాదు, కొలువవలసి యుండును.

అరువదేండ్ల చక్రము

కొలుచుటకు మంచి సాధనమొకటి మన యింటనే కలదు. ప్రభవ మొదలు అక్షయ వరకు గల అరువది తెలుగు సంవత్సరముల పేర్లే ఆ సాధనము. క్రీస్తు శకపు అంకె తెలియని వృద్ధులలో అనేకులకు తాము పుట్టిన సంవత్సరము పేరు తెలియును. తల్లి చెప్పియుండును, లేదా జాతకము వ్రాయించునపుడో, పెండ్లి సంబంధము చూచునపుడో విని యుందురు.

లెక్క చాల తేలిక. ప్రభవను 1గా, విభవను 2గా ఎంచి, చెప్పిన సంవత్సరము ఎన్నవదో చూడవలెను. ఆ సంఖ్యకు 1926 కలిపినచో ఆ సంవత్సరపు ఉగాది ఏ యేట వచ్చినదో తెలియును. విరోధి 23వది, 1926తో కలుపగా 1949. ఖర 25వది, 1951. దుర్ముఖి 30వది, 1956. ఈ సూత్రము 1927 ఉగాది నుండి 1987 ఉగాది వరకు పుట్టినవారందరికి చెల్లును. అంతకు ముందు పుట్టినవారికి 1866 కలుపవలెను.

అరువదేండ్లకొకసారి అదే పేరు మరల వచ్చును గదా, పొరపాటు పడమా? అని విద్యార్థి అడుగవచ్చును. ఖర నామ సంవత్సరము 1891లోను, 1951లోను, 2011లోను వచ్చినది. 2025లో వాటికి సరియైన వయస్సులు 134, 74, 14. ఎదుట కూర్చున్నవారు ఈ మూటిలో ఎవరో చెప్పుటకు వైద్యుడు అక్కరలేదు. చక్రపు పొడవు వృద్ధుల వయస్సును తేల్చుటకు సరిగ సరిపోయినది.

రెండు జాగ్రత్తలు కావలెను. తెలుగు సంవత్సరము మార్చి, ఏప్రిల్ నెలలలో మొదలగును. కావున మాఘ ఫాల్గుణములలో పుట్టినవారికి క్రీస్తు శకపు అంకెకు ఒకటి కలుపవలెను. పుష్యములో పుట్టినవారికి చాలవరకు కలుపవలసియే యుండును. విరోధి నామ సంవత్సర మాఘమాసము పడినది 1950లో. రెండవది, చెవికి దగ్గరగా నుండు పేర్లు. హేవిళంబి 1957, విళంబి 1958; సర్వజిత్తు 1947, సర్వధారి 1948; శుభకృత్తు 1962, శోభకృత్తు 1963. ఈ జంటలలో పొరపడినను తేడా ఒక యేడే. ప్లవ 1961, ప్లవంగ 1967; ఇచ్చట ఆరేండ్లు. వికృతి 1950, వికారి 1959, తొమ్మిదేండ్లు. విరోధి 1949, విరోధికృత్తు 1971. ఇచ్చట ఏకముగ ఇరువది రెండేండ్లు. "విరోధి అండీ, విరోధికృత్తు అండీ?" అని ఒక్క మాట ఎక్కువ అడుగుటలో నష్టమేమియు లేదు.

గుర్తులతో సరిచూచుట

ఒకే సాధనముతో ఒక్కసారి కొలిచి ఊరకుండుట ప్రయోగశాలలో ఒప్పరు. వయస్సుకును అంతే. జనాభా శాస్త్రజ్ఞులు ఇందుకు ఘటనల పట్టికను వాడుదురు. ఆ ప్రాంతపువారందరికి తెలిసిన పెద్ద సంఘటనలను తేదీలతో వ్రాసియుంచుకొని, అప్పటికి నీవెంత, నీ బిడ్డ యెంత అని అడుగుట దీని పద్ధతి. కృష్ణా డెల్టాకు ఇట్టి పట్టికను సిద్ధపరచుట కష్టము కాదు. 1952లో విజయవాడ వద్ద పాత ఆనకట్ట కొంత భాగము కొట్టుకొని పోయినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తియైనది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. కృష్ణా పుష్కరములు 1980, 1992, 2004, 2016లలో వచ్చినవి. 1984 జనవరిలో మునసబు, కరణముల పదవులు రద్దయినవి. చలనచిత్రములను మరువరాదు, పాతాళభైరవి 1951, దేవదాసు 1953, మాయాబజార్ 1957, లవకుశ 1963. రాజకీయ సంఘటన గుర్తులేని తాతగారికి కూడ ఏ సినిమా నాటికి తనకు మీసము వచ్చినదో గుర్తుండును.

మన అమ్మాయి కార్డును ప్రక్కన పెట్టి అడుగ మొదలిడినది.

"మామ్మగారూ, మీరు పుట్టింది ఏ నామ సంవత్సరమో మీ అమ్మగారు ఎప్పుడైనా చెప్పారా అండీ?"

"ఖరనామ సంవత్సరం, శ్రావణమాసమని చెప్పేదమ్మా. మరి అదెంతో నాకు తెలీదు."

"ప్రకాశం బ్యారేజీ కట్టేనాటికి మీకు ఊహ తెలుసా అండీ?"

"ఎందుకు తెలీదు! మా నాన్న భుజాన ఎక్కించుకుని తీసికెళ్ళి చూపించాడు. అప్పుడే నాకు ముందు పళ్ళు ఊడాయి. బోసినోటిదానివని ఆటపట్టించేవాడు."

"దివిసీమ ఉప్పెన నాటికి మీ పెద్దబ్బాయి ఎంతవాడండీ?"

"వాడా? రెండో తరగతి."

ఈ నాలుగు మాటలలో ఎంత సమాచార మున్నదో చూడుడు. ఖర, శ్రావణము అనగా 1951 ఆగస్టు ప్రాంతము. పాలపండ్లలో ముందువి సామాన్యముగ ఆరవ యేట, అటునిటుగా, ఊడును. 1957లో ఆమెకు ఆరు నిండినవి. పంటికి పత్రము అక్కరలేదు గదా! 1977లో రెండవ తరగతి పిల్లవాడు 1970 ప్రాంతమున పుట్టియుండును. అప్పటికి తల్లికి 19. మూడు గుర్తులును ఒకదానికొకటి సరిపోయినవి. కార్డుపై నున్న 1961నే నమ్మినచో ఆమె బ్యారేజీని పుట్టక ముందే చూచినట్లును, తొమ్మిదేండ్లకే తల్లియైనట్లును ఒప్పుకొనవలెను.

మన వృద్ధుల మాటలో మరియొక సూక్ష్మము కలదు. "నాకు డెబ్బై అయిదో ఏడు" అన్నచో నిండినవి డెబ్బది నాలుగు మాత్రమే. డెబ్బది యైదవది నడుచుచున్నది. పత్రములు అడుగునది నిండిన సంవత్సరములను. "నిండాయా, నడుస్తున్నాయా?" అన్న ప్రశ్న వేయనివారి పుస్తకములలో కొందరు ఊరక ఒక యేడు పెద్దవారగుదురు.

వెర్నియర్ కాలిపర్సుతో కొలిచిన విద్యార్థి కొలతతోపాటు దాని కనీసపు కొలతను కూడ చెప్పును గదా. వయస్సును కూడ ఆ విధముగనే వ్రాయవలెను. "1951, ఆగస్టు ప్రాంతము, తెలుగు సంవత్సరమును బట్టి లెక్కించినది, రెండు గుర్తులతో సరిచూచినది, తేడా యున్నచో ఒక యేడు" అన్న వ్రాత, ఒంటరిగ నిలిచిన "74" కంటె ఎంతో విలువైనది. రేపు ఆ పత్రమును చదువు వైద్యునకు దానిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలియును.

సున్నలు, ఐదులు

వయస్సును కొలువక ఊహించి వ్రాసిన పుస్తకము తన్ను తానే పట్టి యిచ్చును. మనుష్యులు ఊహించునపుడు 60, 65, 70 వంటి అంకెలపై వ్రాలుదురు. 61పై గాని, 67పై గాని వ్రాలరు. దీనిని కొలుచుటకు విప్పిల్ సూచిక యని యొకటి కలదు. 23 నుండి 62 వరకు వయస్సు గలవారిని తీసికొని, అందులో 0తోను 5తోను అంతమగు వయస్సులవారెందరో లెక్కించవలెను. ఆ 40 వయస్సులలో అట్టివి 8, అనగా ఐదవ వంతు. కాబట్టి ఆ సంఖ్యను ఐదుచే గుణించి మొత్తముచే భాగించి నూటికి చెప్పినచో, అందరును సరిగ చెప్పిన ఊరిలో 100 రావలెను. అందరును సున్నలు, ఐదులే చెప్పిన ఊరిలో 500 వచ్చును. 500 మందిలో 160 మంది అట్టివారైనచో సూచిక 160. ఐక్యరాజ్యసమితి వాడు తరగతుల ప్రకారము 105 లోపు చాల కచ్చితము. 125 దాటినచో మోటు లెక్క. 175 దాటినచో మరీ మోటు.

వృద్ధుల విషయమున 62 దాటిన వయస్సులే ముఖ్యము గనుక, ఆశ్రమపు పుస్తకమునకు ఈ సూచికను యథాతథముగ వాడరాదు. కాని చివరి అంకెలను లెక్కించు ఉపాయము పనికి వచ్చును. ఉన్నత పాఠశాలలో దీనిని చేయించవచ్చును. ఓటర్ల జాబితాలలో వయస్సులు అచ్చయి యుండును. ఒక పోలింగు కేంద్రపు జాబితాను తీసికొని, పేర్లను నోటు పుస్తకములోనికి దించుకొనక, వయస్సుల చివరి అంకెలను మాత్రము 0 నుండి 9 వరకు గీతలు పెట్టి లెక్కించుడు. యువకులకు ఒక పట్టిక, అరువది దాటినవారికి వేరొక పట్టిక వేయుడు. రెండింటిని ప్రక్కప్రక్కన స్తంభ చిత్రములుగ గీసినచో, జనన పత్రములు ఏ తరముతో వచ్చినవో తరగతిలోని పిల్లలు తామే కనుగొనగలరు.

తక్కిన గడులు

వయస్సును గురించి ఇంత చెప్పి తక్కినవానిని వదలినచో వానికి అన్యాయము జరుగును. పేరు, వివాహ స్థితి, కబురు చేయవలసిన బంధువు మొదలగు గడులు తెలిసినవే. చదువు, భాష, పుట్టిన ఊరు అను మూటిని గురించి మాత్రము కొంత చెప్పవలెను.

మతిమరుపు వ్యాధిని శంకించినపుడు వైద్యులు 30 మార్కుల చిన్న పరీక్షనొకదానిని పెట్టుదురు. 1975లో అమెరికాలో ఏర్పడిన ఈ పరీక్షలో చదువుట, వ్రాయుట, తీసివేతలు చేయుట ఉన్నవి. 1993లో అచ్చటనే పద్దెనిమిది వేల మంది ఫలితములను చదువును బట్టి విడదీసి చూచిరి. తొమ్మిదేండ్లు, ఆ పైన బడిలో చదివినవారి మధ్యగత మార్కు 29. ఐదు నుండి ఎనిమిదేండ్లు చదివినవారిది 26. నాలుగేండ్లకు మించనివారిది 22. అనగా 22 మార్కులు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని గురించి కలత పడవలసినదే. అవే మార్కులు వచ్చిన కూలి తల్లి ఆరోగ్యముగ నుండవచ్చును. చదువు గడిలో "లేదు" అనియో "కలదు" అనియో వ్రాసినచో ఈ భేదము తెలియదు. ఎన్నియేండ్లు చదివిరో వ్రాయవలెను. వీధిబడిలో రెండేండ్లు చదివినను రెండేండ్లే.

భాష గడికి తెలుగునాటనే జరిగిన పరిశోధన యొకటి సాక్ష్యము. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు మతిమరుపు వ్యాధిగ్రస్తులైన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒకే భాష వచ్చినవారి కంటె రెండు గాని అంతకు ఎక్కువ గాని భాషలు వచ్చినవారిలో వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ మొదలైనట్లు తేలినది. నిరక్షరాస్యులలో సైతము ఈ భేదము కనబడుట విశేషము. కావున దీనికి కారణము బడిచదువు కాదు. తెలుగు, ఉర్దూ రెండును ఇంటను సంతను మాట్లాడిన ముసలమ్మ వివరములలో "మాతృభాష" అను ఒక్క గడియే యుండినచో ఇట్టి పరిశోధన సాధ్యమై యుండెడిది కాదు. పోలిక కూడ వయస్సులోనే గనుక, వారి వయస్సులను జాగ్రత్తగ వ్రాయకున్నను సాధ్యము కాదు.

పుట్టిన ఊరు సులభమని తోచును. హనుమాన్ జంక్షన్ వంటి చోట అది అంత సులభము కాదు. 1951లో నూజివీడులో పుట్టినవారు మద్రాసు రాష్ట్రమున, కృష్ణా జిల్లాలో పుట్టిరి. వారు ఇల్లు కదలకయే 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు, 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాకు వచ్చిరి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. వృద్ధులు మాత్రము నేటికిని "గుడివాడ తాలూకా", "నూజివీడు తాలూకా" అనియే చెప్పుదురు. దిద్దవలసిన పని లేదు. వారు చెప్పిన గ్రామమును, తాలూకాను వ్రాసికొని, నేటి జిల్లాను వేరుగ వ్రాయుట మంచిది. మెట్టవారిని ఆనకట్ట గురించియు, డెల్టావారిని చెరువు గురించియు అడిగి లాభము లేదు గనుక ఘటనల పట్టికకు కూడ ఈ గడి దారి చూపును.

ఎవరిని అడుగవలెను?

అమెరికాలో 1987లో చేసిన చట్టము ప్రకారము, ప్రభుత్వపు సొమ్ము పొందు సంరక్షణ గృహములన్నియు ఒకే మదింపు పత్రమును నింపవలెను. దాని మూడవ కూర్పు 2010 అక్టోబరు నుండి వాడుకలో నున్నది. మన దేశమున అట్టి శాసనబద్ధమైన పత్రము లేదు. ఆ పత్రములోని రెండు నియమములు మాత్రము మనకు ఉపయోగపడును. పుట్టిన సంవత్సరము మాత్రమే తెలిసినచో సంవత్సరమును వ్రాసి, నెల, తేదీ గడులను ఖాళీగ వదలవలెనన్నది ఒకటి. 01-01 అని కల్పించరాదు. ఖాళీ గడి ఒక విషయమును నిజముగ చెప్పును. కల్పించిన తేదీ తెలిసినట్లు నటించును. రెండవది, జాతి, భాష వంటి వివరములకు మొదట ఆ వ్యక్తినే అడుగవలెను. వారు చెప్పలేనిచో కుటుంబమువారిని, వారును లేనిచో వైద్య పత్రములను చూడవలెను. 2023 అక్టోబరు నుండి అందులో ఆసియా భారతీయులకు ప్రత్యేకముగ ఒక గడి వచ్చినది; ఏ భాషలో మాట్లాడగోరుదురో, దుభాషి కావలెనో కూడ అడుగుదురు. పిల్లల వెంట అచ్చటికి పోయి ముదిసిన తెలుగువారికి ఈ భాష గడి చిన్నది కాదు.

మన ఆశ్రమములలో ఈ వరుస తలక్రిందుగ నడచుట కద్దు. కార్డును మొదట చూతురు, తరువాత కొడుకును అడుగుదురు, కుర్చీలో కూర్చున్న తల్లిని ఎవరును అడుగరు. ఆమెకు చెవుడని ఊహింతురు. చెవుడైనచో దగ్గరగ కూర్చుండి నిదానముగ అడుగవచ్చును. చెప్పుట ఇష్టము లేని ప్రశ్నకు జవాబు చెప్పకుండు హక్కు కూడ ఆమెకు కలదు. అట్టిచోట "చెప్పుటకు ఇష్టపడలేదు" అని వ్రాయవలెను. "తెలియదు" అన్నది వేరు, "అడుగలేదు" అన్నది వేరు. ఈ మూటికిని ఒకే అడ్డగీత పెట్టుట సరికాదు.

ఇక మన వృద్ధురాలి పత్రములో ఏమి వ్రాయవలెను? కార్డును కొట్టివేయుటకు అమ్మాయికి అధికారము లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీని సామాన్యముగ ఒక్కసారి మాత్రమే దిద్దించుకొనవచ్చును, అదియు పత్రము చూపినపుడే. ముసలమ్మ జ్ఞాపకమును కార్యాలయము పత్రముగ అంగీకరింపదు. కావున రెండు గడులు కావలెను. మొదటి దానిలో "పత్రము ప్రకారము 01-01-1961, ఆధార్" అని. రెండవ దానిలో "విచారణ ప్రకారము 1951 ఆగస్టు ప్రాంతము, ఖర నామ సంవత్సరము, శ్రావణము" అని వ్రాసి, విచారించినవారు సంతకము చేసి తేదీ వేయవలెను. పింఛను కార్యాలయమునకు మొదటి గడి పోవును. మందు మోతాదు కట్టు వైద్యుని ముందు రెండవ గడి ఉండవలెను.